మూడో శంఖం

"చాప కింద ఎంతసేపున్నావు?"

"నాలుగున్నర నుంచి ఆరూ పది దాకా, పిన్నీ."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నావు?"

"పాస్టరుగారి కోడి నాలుగున్నరకే కూస్తుంది. అది కూస్తుండగానే నాన్న నన్ను కూర్చోబెట్టాడు. చాప ఎత్తినప్పుడు మలాకి పెద్దాయన చేతి గడియారం నా ముక్కుకి తగిలింది. అందులో ఆరూ పది."

సార్జెంట్ రూతా రెండు టైములూ రాసుకుంది. అబద్ధమాడేవాడికి కోడి గుర్తుండదు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆమె సంపాదించుకున్న జ్ఞానంలో ఇదొకటి. మిగతా సంపాదన మోకాళ్ల నొప్పులు.

సోమవారం సాయంత్రం అయిదు కావస్తోంది. దీవిలోని వైతులి గ్రామపు మహిళా సంఘం ఇంట్లో ఎలియా కాళ్లు మడిచి కూర్చున్నాడు. అతని కుడిచేతికి బేడీ, బేడీ రెండో కొస స్తంభానికి. ఇరవై రెండేళ్లవాడు. పొద్దున్నుంచీ ఎవరో పెట్టిన ఉడికిన చేమదుంప అరిటాకులో అలాగే ఎండిపోతోంది.

శనివారం రాత్రి ఏడింటికి చర్చి వంటశాల వెనక సెమీసీ అనే ముప్ఫై ఏళ్ల మనిషి తల పగిలి, ప్రాణం పోయి కనిపించాడు. అదే రోజు నాలుగింటికి క్రికెట్ ఆటలో ఎలియా అతని చొక్కా పట్టుకున్నాడు. ఊరంతా చూసింది. ఇక ఎలియా తండ్రి తువాలా చేయవలసింది ఒక్కటే మిగిలింది. సోమవారం తెల్లవారకముందే ఇంట్లో ఉన్న పదకొండు మందినీ వెంటబెట్టుకుని, సెమీసీ మేనమామ మలాకి ఇంటి ముందు నేలమీద కూర్చున్నాడు. అందరికన్నా ముందు ఎలియా, అతని తలమీద ఆ ఇంటి పూర్వీకుల చాప. మలాకి బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే మధ్యాహ్నానికల్లా తువాలా ఇల్లూ, తోటా, పందుల దొడ్డీ బూడిద. మలాకి గంటా నలభై నిమిషాలు ఆలోచించి ఎత్తాడు. ఊరి పెద్దలందరి ఎదుటా దేవుడి పేర శాంతి ప్రమాణం చేశాడు.

"సెమీసీని నువ్వే కొట్టావా?"

"చాప కింద కూర్చున్నాను కదా పిన్నీ."

"నేనడిగింది అది కాదు."

"ఊళ్లో అందరికీ నా జవాబు అదే."

"ప్రార్థన వేళ నువ్వు రోడ్డుమీద కాపలా ఉన్నావు. మధ్యలో పదినిమిషాలు కనబడలేదట?"

"మలాకి పెద్దాయన చేమతోటలో పంది దూరింది. తోలేసి వచ్చాను."

వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ తవితా జీపు తాళం చెవిని వేలికి తగిలించుకుని గిర్రున తిప్పుతూ నవ్వాడు. "పందిని సాక్షిగా పిలుద్దామా సార్జెంట్ గారూ?"

"పిలవండి సార్. ఈ ఊళ్లో నోరు విప్పడానికి భయపడనిది అదొక్కటే అయ్యుంటుంది." రూతా వెనక్కి తిరక్కుండానే అని, ఎలియా వైపు వంగింది. "తోటలోంచి మలాకి ఇల్లు కనబడుతుంది కదా?"

"కనబడుతుంది. తెరలు దించి ఉన్నాయి. వానొస్తుందేమో అనుకున్నాను."

"వచ్చిందా?"

"లేదు."

గోడలు లేని ఇళ్లకి తెరలే గోడలు. సాయంత్రం మొదటి శంఖం నుంచి మూడో శంఖం దాకా, ఎవరూ రోడ్డెక్కకూడని ప్రార్థన వేళ మాత్రం వాటిని ఎత్తే ఉంచుతారు. ఎవరు మోకరించారో, ఎవరు కునికారో దేవుడితోబాటు ఊరు కూడా చూడాలి.

"ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు. నాన్న కూడా అడగలేదు. చాప తెప్పించాడంతే."

ఎలియా ఎడమచేత్తో మెడ గోక్కున్నాడు. రూతా అతని చొక్కా కాలరు పక్కకి లాగింది. మెడ నుంచి భుజాల దాకా ఎర్రటి దద్దుర్లు, ఒకదాని పక్కన ఒకటి.

"ఏమిటివి?"

"చీమలు. చాపలో ఉన్నాయి. కదలకూడదు కదా, కుట్టనిచ్చాను. చాప కూడా కాస్త తడితడిగా ఉంది."

"మీ ఇంటి చాపలో చీమలెందుకున్నాయి?"

"మూడు వారాలుగా అది మా ఇంట్లో లేదు పిన్నీ. అంచున ఎర్ర ఈకలు ఊడిపోతున్నాయని లూపె అమ్మమ్మకి బాగుచెయ్యమని ఇచ్చాం. నిన్న మధ్యాహ్నం అడిగితే చీకటి పడ్డాక పంపింది. నాన్నకి కళ్లలో శుక్లాలు, తడిమి చూసుకున్నాడు."

లూపె మలాకికి అక్క. తల్లి లేని సెమీసీని పెంచిన పెద్దమ్మ. ఆ దీవిలో ఆమెని మించి చాప అల్లగలిగినవాళ్లు లేరు.

రూతా నోటుబుక్కు మూసింది. తవితా తాళం చెవిని బల్లమీద పడేసి, రూతాని వాకిట్లోకి రమ్మని సైగ చేశాడు. తాళం మీద రూతా నోటుబుక్కు పెట్టి బయటికి నడిచింది.

"చూడండి," అన్నాడు తవితా. అతని యూనిఫాం నీలం లుంగీ ఇస్త్రీ మడతతో కూరలు తరగొచ్చు. "ఒప్పుకున్నవాడున్నాడు. క్షమించినవాడున్నాడు. మూడో శంఖం ఊదగానే జీపు కదులుతుంది. తెల్లారి పడవ, తొమ్మిదింటికి జడ్జి ముందు. వాడు 'అవును' అంటాడు, అయిపోతుంది."

"ఒప్పుకోలేదు సార్. కూర్చున్నాడు."

"రెండూ ఒకటే."

"డాక్టరేమన్నాడు? తల అలా పగిలితే రక్తం ధారలు కట్టాలన్నాడు. వంటశాల వెనక నా అరచేతంత మరక లేదు. ఎలియా క్రికెట్ బ్యాటుకి రక్తం చుక్క లేదు."

"ఇసక పీల్చేసింది."

"మంచి ఇసక. నా వంటగదిలో పరుచుకుంటాను." రూతా గొంతు తగ్గించింది. "వేరేచోట చంపి, సముద్రం వైపు నుంచి మోసుకొచ్చారు తవితా. కాపలా అంతా రోడ్డుమీదే ఉంటుంది."

"తవితా కాదు, ఇన్‌స్పెక్టర్." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నాకు రిపోర్టు రాయడం మీరే నేర్పారు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు మీ రిపోర్టు మీద సంతకం పెట్టేది నేను. ఇవాళ మీరు ఆ క్షమాపణలో లొసుగుంది అన్నారనుకోండి, మలాకి చేసిన ప్రమాణం రద్దు. రాత్రికి తువాలా ఇల్లు తగలబడుతుంది. పదకొండు మంది. వాళ్లలో పాలు తాగే పిల్ల ఒకత్తి. కాపాడటానికి నా దగ్గరున్నది మీరూ, ఒక జీపూ. చెప్పండి, లొసుగుందా?"

అతను చెప్పిన మొత్తంలో నిజం ఆ ఒక్క ముక్కే. నోరు విప్పితే పదకొండు మంది. విప్పకపోతే స్తంభానికి కట్టేసిన ఒక్కడు, జీవితమంతా.

"మూడో శంఖం దాకా టైముంది కదా సార్," అంది. లోపలికెళ్లి బల్లమీది నోటుబుక్కు తీసుకుంది, దాని కింద ఉన్నది కూడా.

*

మలాకి ఇంటికి నడక ఏడు నిమిషాలు. అయిదూ యాభైకి రూతా అక్కడుంది. చనిపోయినవాడి శరీరం ఇంకా జిల్లా ఆసుపత్రిలోనే ఉన్నా, పరామర్శకి వచ్చేవాళ్లు శనివారం రాత్రి నుంచీ వస్తూనే ఉన్నారు. పెరట్లో నాలుగు పెద్ద గిన్నెల్లో టీ కాగుతోంది. ఎవరో ఒక కప్పు తెచ్చి ఇచ్చారు. ఒక గుక్క తాగి, రూతా కప్పులోకి చూసింది. పంచదార గిన్నెలోనే వేసేశారు. ధారాళంగా.

చాప నడిమి దూలం మీద రెండు మడతలుగా వేలాడుతోంది. ఎలియా తలమీద నుంచి తీసిన క్షణం నుంచీ అది ఈ ఇంటి సొత్తు. స్తంభం మీంచి దూలం మీదికి, దూలం మీంచి చాప అంచుల్లోకి సన్నటి నల్లటి గీత పాకుతోంది. చీమలు.

"చూడొచ్చా, పెద్దాయనా?"

"చూడు చెల్లెమ్మా. క్షమించినవాడికి దాచుకునేదేముంది?" అన్నాడు మలాకి. అరవై ఏళ్లు, తెల్ల చొక్కా, తెల్ల లుంగీ, సంఘంలో పెద్ద. సాయంత్రం ప్రార్థన వేళ కాపలా, శంఖం, రెండూ ఆయన అజమాయిషీలోనే ఉంటాయి.

రూతా చాప మడత విప్పింది. మొగలి ఆకుని దారంలా చీల్చి అల్లిన పని, పట్టులా వేళ్ల మధ్య జారింది. పాత చాపకి పైభాగమే నల్లబడుతుంది, మడత లోపల లేతగా ఉండిపోతుంది. నలభై ఏళ్లుగా పండక్కోసారి అత్తగారి చాపలు ఎండబెట్టిన చెయ్యి రూతాది. ఈ చాప మడత లోపల కూడా అంతే గోధుమరంగు. అంచున ఎర్ర ఈకల వరస కింద గోటితో ఎత్తి చూస్తే, నీళ్లు చేరని చోట ఆకు కొత్త వెన్నలా తెల్లగా ఉంది. ఆమె వంగి వాసన చూసింది. పొగ. పొగ కింద టీ.

వందేళ్ల చాప కాదు ఇది. వందేళ్ల వేషం వేసిన కొత్త చాప. అల్లడానికి ఏడాది పడుతుంది. ముసలిదాన్ని చెయ్యడానికి ఒక్క పూట చాలు. చాపని ముంచేటంత టీ, అదీ తియ్యటి టీ, ఆదివారం నాడు వైతులి మొత్తంలో ఒక్క ఇంట్లోనే ఉంది. చావు జరిగిన ఇంట్లో.

మరి అసలు చాప ఏమైంది? పైకి తియ్యలేని స్థితిలో ఎందుకుంది?

రూతా మొహంలో ఏమీ కనబడనివ్వకుండా చాప తిరిగి మడిచింది. "శనివారం ప్రార్థన వేళ మీరెక్కడున్నారు పెద్దాయనా?"

"ఇక్కడే. వాక్యం చదువుతున్నాను."

"ఇంట్లో ఇంకెవరు?"

"అక్క. పిల్లలూ ఆడవాళ్లూ పాటల ప్రాక్టీసుకెళ్లి పాస్టరుగారింట్లోనే ప్రార్థన చేసుకున్నారు. సెమీసీ ఇంటికి రానేలేదు."

"తెరలు దించారట?"

మలాకి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "గాలి. అక్కకి దగ్గు."

మూలన కూర్చుని మొగలి ఆకు చీలుస్తున్న లూపె ముసలమ్మ, రూతా వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా దగ్గని మనిషి, ఇప్పుడు గబగబా రెండుసార్లు దగ్గింది.

"వచ్చే నెల మీ వంశపు పెద్దరికం సెమీసీకి కట్టబెట్టాలని మీవాళ్లంతా తీర్మానించారని విన్నాను."

"దేవుడి చిత్తం వేరుగా ఉంది."

"ఇప్పుడు ఎవరికి?"

"అది కూడా దేవుడి చిత్తమే," అన్నాడు మలాకి, చాలా వినయంగా.

"పెద్దరికం రోజున కప్పడానికి కొత్త చాప అల్లుతూనే ఉంటారు కదా పెద్దమ్మా?" రూతా ముసలమ్మ వైపు తిరిగింది. "ఏదీ?"

లూపె చేతుల్లో ఆకు ఆగింది. "అల్లాను అమ్మాయ్. ఏడాదిన్నర. మా సెమీసీ భుజాలకి కొలత పెట్టి."

"ఇప్పుడెక్కడుంది?"

"అక్కా," అన్నాడు మలాకి మెల్లగా, "టీ చల్లారిపోతోంది, అందరికీ ఇమ్మను."

బయట మొదటి శంఖం మోగింది. ఆరుంబావు. రోడ్డు మీది మనుషులు ఎక్కడివాళ్లక్కడ ఇళ్లలోకి దూరారు. లేవబోయిన రూతా భుజం మీద మలాకి చెయ్యి వేశాడు. "ఇక రోడ్డెక్కకూడదు చెల్లెమ్మా. పోలీసులైనా సరే. మాతోబాటే ప్రార్థన చేసుకో."

కాపలా కుర్రాళ్లు కర్రలు పట్టుకుని రోడ్డుకి రెండువైపులా నిలబడ్డారు. అందరూ అతని మనుషులే. ఇద్దరు మేనల్లుళ్లు ఇంటి చుట్టూ తిరిగి తెరలు ఒక్కొక్కటిగా దించుతున్నారు. ఈసారి కూడా గాలి లేదు.

"ఇలా రా అమ్మాయ్, ఇక్కడ కూర్చో," లూపె తన పక్కన నేలమీది చాపల్ని తట్టింది. "అక్కడ కాదు. ఇక్కడ."

"అతిథి కదా అక్కా, ముందుకి రానీ."

"మోకాళ్ల నొప్పులామెకి. ఇక్కడ మెత్తగా ఉంటుంది."

రూతా కూర్చుంది. ముసలమ్మ చెప్పింది నిజమే. చుట్టూ గులకరాళ్ల మీద పరిచిన చాపలు మోకాళ్లని గుచ్చుతున్నాయి. ఆ ఒక్కచోటే మెత్తగా ఉంది.

రెండో శంఖం. ఆరున్నర. పన్నెండు మంది ఇంటివాళ్లూ, పరామర్శకి వచ్చి ఇరుక్కుపోయిన ముగ్గురు ముసలివాళ్లూ తలలు వంచారు. ఒక పాట. తర్వాత మలాకి బైబిలు గ్రంథం తెరిచాడు. రోజుకో అధ్యాయం చొప్పున, నిన్న ఆపిన చోటు నుంచి. అతను పుట తిప్పాడు, ఆగాడు, ఇంకో పుట తిప్పబోయాడు.

"తొమ్మిదోది మావయ్యా," అంది ఒక మేనకోడలు, తన పుస్తకంలో వేలు పెట్టుకుని. "యెహోషువ తొమ్మిది."

ఎదురుగా పదికి పైగా పుస్తకాలు అదే పుట తెరుచుకుని ఉన్నాయి. మలాకి చదవక తప్పలేదు.

రూతా తండ్రి కూడా పాస్టరే. ఆ కథ ఆమెకి కంఠతా వచ్చు. దండెత్తి వచ్చిన ఇశ్రాయేలు వాళ్లంటే గిబియోను ఊరివాళ్లకి ప్రాణభయం పట్టుకుంది. చిరిగిన చెప్పులు తొడుక్కున్నారు, పాత గోనెలు గాడిదల మీద వేశారు, బూజుపట్టిన రొట్టెలు మూటగట్టుకున్నారు. ఉండేది పక్క ఊళ్లోనే అయినా, చాలా దూరం నుంచి వచ్చామని బొంకారు. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలు చూసి నమ్మి, దేవుణ్ణి అడక్కుండానే శాంతి ప్రమాణం చేసేశారు.

పాతదనం వేషం వేసిన కొత్త సరుకు. మలాకి గొంతు ఒక్కో వాక్యానికీ ఒక్కో మెట్టు దిగుతోంది.

సరిగ్గా అప్పుడు ఒక ముడతల చెయ్యి రూతా చేతిని పట్టుకుంది. లూపె కళ్లు మూసుకునే ఉంది. ఆ చెయ్యి రూతా వేళ్లని నేలమీది చాపల అంచు కిందికి, ఒకటో పొర, రెండో పొర, మూడో పొర కిందికి తోసింది. గరుకు పోయి పట్టులాంటి మెత్తదనం తగిలింది. ఈకలు. ఆ తర్వాత, ఎండి అట్టకట్టి, గోటికింద పొడిపొడిగా రాలుతున్నదేదో.

తువాలా వాళ్ల అసలు చాప మీద తను కూర్చుని ఉంది. బాగుచెయ్యడానికి పరిచిన ఆ చాప మీదే శనివారం నాడు, దించిన ఈ తెరల మధ్యే సెమీసీ పడ్డాడు. ఇంట్లో ముగ్గురున్నారు. ఒకడు చచ్చిపోయాడు. ఒకామె తన వేళ్లు పట్టుకుని ఉంది.

మూడోవాడు వాక్యం చదువుతున్నాడు.

ఇప్పుడు అరవచ్చు. అరిస్తే చాప అబద్ధం, క్షమాపణ అబద్ధం. మొదట కాలేది తువాలా ఇల్లు. నిజాన్ని ఏ దారిన బయటపెట్టినా చేరేది ఆ మంటకే. అంతలో మలాకి ఒక వాక్యాన్ని మింగేసినంత తొందరగా చదివి ముందుకి పోయాడు, రూతా తలెత్తింది.

"పెద్దాయనా, ఆ పందొమ్మిదో వచనం ఇంకోసారి. నా చెవికి సరిగా అందలేదు."

ప్రార్థన మధ్యలో మాట్లాడటం మర్యాద కాదు. వాక్యం మళ్లీ చదవమని అడిగితే కాదనడం అంతకన్నా మర్యాద కాదు. మలాకి చదివాడు. మోసం బయటపడ్డాక కూడా ఆ పెద్దలు ఏమన్నారో చదివాడు. దేవుడి పేర ప్రమాణం చేశాం, ఇక వాళ్లని ముట్టుకోకూడదు అన్నారు.

"అంటే మోసంతో పుచ్చుకున్న ప్రమాణమైనా ప్రమాణమేనా?" రూతా ముగ్గురు ముసలివాళ్లలో పెద్దాయన్ని అడిగింది.

"అదేం మాటమ్మా," అన్నాడాయన కోపంగా. "మనుషుల పేర చేసిందా, మార్చుకోడానికి? మోసం చేసినవాళ్లు బతికినన్నాళ్లూ కట్టెలు కొట్టారు, నీళ్లు మోశారు. ప్రమాణం మాత్రం నిలిచింది."

"అయితే తువాలా ఇంటికి భయం లేదు. చాప ఎలాంటిదైనా."

"ఎలాంటిదైనా," అన్నాడు ముసలాయన. పక్కవాళ్లిద్దరూ తలూపారు.

రూతా గుండెల మీంచి పదకొండు మంది దిగారు. ఆ క్షణంలోనే తను చేసిన పొరపాటు కూడా తెలిసింది. మలాకి ఆమె మొహం చూడటం లేదు. చాపల కిందికి పోయి ఇంకా బయటికి రాని ఆమె చేతిని చూస్తున్నాడు.

అతను గ్రంథం మూశాడు. గుమ్మంలో ఉన్న మేనల్లుడితో, "శంఖం ఊదమను," అన్నాడు.

"ఇంకా టైముంది కదా మావయ్యా..."

"ఊదమను."

ఎప్పుడూ ఏడింటికి ఊదే మూడో శంఖం ఆ రోజు ఆరూ యాభై రెండుకే మోగింది.

"పెద్దలని ఇళ్లదాకా దిగబెట్టండి. పిల్లల్ని పాస్టరుగారింటికి తీసుకెళ్లండి," అన్నాడు మలాకి. అతని గొంతులో వినయం చెక్కుచెదరలేదు. "సార్జెంటమ్మకి మనసు బాగాలేదు. అక్కా, నేనూ ఆమె కోసం విడిగా ప్రార్థన చేస్తాం."

అందరూ లేచారు. రూతా లేవబోయింది. అరగంటకి పైగా మడిచిన మోకాళ్లు మాట వినలేదు. మేనల్లుళ్లు బయటికెళ్లి చెరో వైపూ నిలబడ్డారు, వాళ్ల నీడలు తెరల మీద పడ్డాయి.

"పెద్దమ్మా," రూతా పెదవులు కదపకుండా అంది, "చాపని తియ్యటి టీలో ముంచితే చీమలు పడతాయని..."

"అరవై ఏళ్లుగా అల్లుతున్నాను," అంది లూపె అంతే మెల్లగా. "ఆమాత్రం నాకు తెలీదా అమ్మాయ్? వాడు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. నోటితో చెప్పలేకపోయాను. పంచదారే నాలుగు గుప్పిళ్లు ఎక్కువేశాను."

మహిళా సంఘం ఇంటి వైపు నుంచి ఇంజను చప్పుడు రావాలి. రాలేదు. రాదు కూడా. జీపు తాళం చెవి రూతా లుంగీ ముడిలో ఉంది. తాళం లేదని తవితాకి తెలియడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఎవరు తీశారో తెలియడానికి ఒక్క క్షణం చాలు. బూతులు తిట్టుకుంటూ ఇక్కడిదాకా రావడానికి ఏడు నిమిషాలు. ఆ మనిషి ఎప్పుడెప్పుడొస్తాడా అని ఎదురుచూడాల్సిన రోజొకటి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

తొమ్మిది నిమిషాలు.

మలాకి కళ్లద్దాలు తీసి, మడిచి, గ్రంథం మీద పెట్టాడు. మూలన మొగలి ఆకు చితక్కొట్టే బరువైన కర్ర సుత్తిని చేతిలోకి తీసుకున్నాడు. మిగిలిన ఒక్క తెర ముడి విప్పి జారవిడిచాడు.

"కళ్లు మూసుకోండి," అన్నాడు. "ప్రార్థన చేద్దాం."